నిత్యవ్యాయామము – వ్యాధినిరోధము

ఈ సంవత్సరము జరిగిన పోషకుల సభలో కొందరు తల్లిదండ్రులు మాకొక కోరిక తెలిపిరి. పదవ తరగతి పిల్లలకు వారమునకు రెండుమారులు వచ్చు డ్రిల్లు గంటలను ఎత్తివేసి, ఆ కాలమును గణితమునకును సామాన్యశాస్త్రమునకును ఇవ్వవలెనని వారి అభిప్రాయము. పరీక్షలు దగ్గరపడుచుండగా గంతులెందుకని ఒకరు అడిగిరి. ఆటస్థలమునుండి వచ్చిన పిల్లవాడు జ్వరము తెచ్చుకొనుచున్నాడని మరియొకరు అనిరి. బిడ్డల మేలుకోరి పలికిన మాటలే కావున మేము వానిని తేలికగా తీసివేయలేదు. ఐతే ఆ రెండు మాటలకును సమాధానము ఒక్కచోటనే యున్నది. క్రమము తప్పక, మితముగా వ్యాయామము చేయు దేహము, కదలక కూర్చుండు దేహముకంటె అంటువ్యాధులను బాగుగా ఎదుర్కొనగలదు. డ్రిల్లు గంట తక్కిన గంటలకు కాపలా కాయుచున్నదని మా విశ్వాసము. ఆ విశ్వాసమునకు ఆధారములెవ్వి, వాని హద్దులెంతవరకు అనునది ఈ వ్యాసమున వివరింప నెంచితిమి.

ఈ విషయము అన్ని పాఠశాలలకును సంబంధించినదే. ఐనను మనవంటి పాఠశాలకు దీని అవసరము మరికొంత హెచ్చు. షోలాపురమున మన పిల్లలు తెలుగులో చదువుచున్నారు. ఊరంతయు మరాఠీలో నడచుచున్నది. మరాఠీ మాధ్యమపు పిల్లవాడు వారము దినములు మంచమునబడినను, వీధి చివర ట్యూషను చెప్పువారొకరు దొరకుదురు. మన పిల్లవానికి తప్పిపోయిన పాఠమును తెలుగులో మరల చెప్పువారు బడి వెలుపల మిక్కిలి అరుదు. తల్లి బీడీలు చుట్టుచు, తండ్రి పవర్లూముపై పగలురాత్రి పాళ్ళు మార్చుకొనుచు నున్న ఇండ్లలో ఆ లోటును తీర్చు తీరికయు నుండదు. కావున మన పిల్లలకు హాజరే సగము చదువు. ఆ హాజరును చెడగొట్టు శత్రువులలో మొదటివి జలుబు, దగ్గు, గొంతునొప్పి, ఫ్లూ జ్వరము.

దేహమునందలి రక్షకభటులు

వ్యాయామము వలన కలుగు మేలు తెలియవలెనన్న, ముందు దేహము తన్ను తాను కాచుకొను విధమును తెలిసికొనవలెను. మన చుట్టునున్న గాలిలో, నీటిలో, మనము తాకు వస్తువులపై కంటికి కనబడని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిలో పెక్కింటివలన హానిలేదు. కొన్ని మాత్రము దేహమున ప్రవేశించి వృద్ధిపొంది వ్యాధిని కలిగించును.

దేహమునకు మొదటి కోటగోడ చర్మము. ముక్కునందలి జిగురుపొర, శ్వాసనాళములలోని సన్నని నూగు, కడుపులోని ఆమ్లము, కన్నీరు, ఉమ్మి ఇవియన్నియు ఆ గోడకు చేరినవే. శ్వాసనాళములలోని నూగు నిరంతరము పైకి ఊగుచు, లోనికి చేరిన దుమ్మును క్రిములను గొంతువైపునకు త్రోసివేయుచుండును.

గోడను దాటివచ్చిన క్రిములను పట్టుకొనువి రక్తమునందలి తెల్లకణములు. వీనిలో రెండు తెగలు కలవు. మొదటి తెగవి, వచ్చినవాడెవడైనను కొత్తవాడైనచో వెంటనే పట్టుకొనును. కొన్ని క్రిములను మ్రింగివేయును. సహజ సంహారక కణములను పేరుగలవి, వైరసు చేరి చెడిపోయిన మన దేహకణములనే గుర్తించి నాశనము చేయును. రెండవ తెగవి కొంత ఆలస్యముగా రంగమున దిగును. ఐతే అవి శత్రువు ముఖమును గుర్తుపెట్టుకొనును. ఆ శత్రువునకే సరిపోవు ప్రతిరక్షకములను తయారుచేయును. టీకా వేయుటలోని మర్మము ఈ జ్ఞాపకశక్తియే. వ్యాధి రాకమునుపే శత్రువు రూపును ఆ కణములకు చూపుటయే టీకా.

ఈ కణములు ఎముకల లోపలి మూలుగలో పుట్టును. వానిలో ఒక జాతి, రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును. ప్లీహమునందును, మెడ, చంక, గజ్జలలోని శోషరస గ్రంథులయందును అనేక కణములు నిలిచి యుండును. గొంతునొప్పి వచ్చినపుడు దవడ క్రింద బిళ్ళలు కట్టుట మనమందరమును ఎరుగుదుము. అక్కడ యుద్ధము జరుగుచున్నదని దాని అర్థము.

వ్యాయామము చేయు పని

మనిషి కదలక కూర్చున్నపుడు ఈ తెల్లకణములలో పెక్కు రక్తనాళముల గోడలను అంటిపెట్టుకొనియో, ప్లీహమున, ఊపిరితిత్తులలో విశ్రమించియో యుండును. అతడు లేచి వడిగా నడచినను, తాడాట ఆడినను, చెడుగుడు ఆడినను గుండె వేగము హెచ్చును. అడ్రినలిన్ అను రసము రక్తమున చేరును. దానితో నిలిచియున్న కణములు కదలి ప్రవాహమున పడును. సహజ సంహారక కణముల సంఖ్య రక్తములో కొద్ది నిమిషములలోనే కొన్ని రెట్లు పెరుగును. వ్యాయామము ముగిసిన పిమ్మట అవి రక్తమును విడిచి ఊపిరితిత్తులు, ప్రేగులు మొదలగు తావులకు చేరునని పరిశోధకులు చెప్పుచున్నారు. క్రిములు సాధారణముగా ప్రవేశించు వాకిళ్ళు అవియే గదా! రాత్రి గస్తీ తిరుగు పోలీసువాడు స్టేషనులో కూర్చున్నవానికంటె దొంగను త్వరగా కనిపెట్టును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గమనింపవలెను. ఆ కణముల ఉప్పెన కొన్ని గంటలకంటె నిలువదు. ఆపై వాని సంఖ్య మామూలు స్థితికి వచ్చును. ఆదివారమొకనాడు మూడు గంటలు ఆడి, తక్కిన ఆరు దినములు కదలకున్నచో గస్తీయు ఒక్కనాడే జరుగును. వ్యాయామమున "నిత్య" అను మాటకు ఇంత బలము కలదు. మేము పిల్లలకు పదే పదే చెప్పునదియు ఇదియే: ఎక్కువ చేయనక్కరలేదు, మానకుండ చేయవలెను.

రెండవది, శోషరసము సంగతి. రక్తమును త్రోయుటకు గుండె యున్నది. శోషరసమునకు అట్టి యంత్రము లేదు. దాని నాళములు కొంతవరకు తమంతట తాము ముడుచుకొనినను, అది సాగుటకు కండరముల కదలికయు, ఊపిరి ఎగదిగుటయు మిక్కిలి తోడ్పడును. గంటలకొలది ఒకేచోట కూర్చున్నవారి పాదములు వాచుట మన ఇండ్లలో చూచుచునే యున్నాము.

మూడవది, నెమ్మదిగా జరుగు మేలు. కదలిక లేనివారి పొట్టలో కొవ్వు పేరుకొనును. ఆ కొవ్వు దేహమున ఎడతెగని సన్నని మంటను రేపుచుండును. అది నివురుగప్పిన నిప్పువంటిది. పైకి కనబడకున్నను రక్షకకణములను పనిలేని పనిలో నిలుపును. క్రమమైన వ్యాయామము ఆ మంటను తగ్గించును. రాత్రి నిద్రను గాఢము చేయును. మనసులోని ఆందోళనను తగ్గించును. నిద్రలేమియు, ఎడతెగని దిగులును వ్యాధినిరోధక శక్తిని తగ్గించునని వైద్యులు చెప్పుచున్నారు గనుక, ఈ మార్గమునను వ్యాయామము తోడ్పడుచున్నది. పరీక్షల నెలలో పదవ తరగతి పిల్లలకు తక్కువగునవి ఈ రెండే: నిద్రయు, నెమ్మదియు. డ్రిల్లు గంట తీసివేయవలెనని కోరబడునదియు ఆ నెలలోనే!

నాల్గవది, వృద్ధులకు సంబంధించినది. తాతలు, అమ్మమ్మలు గల ఇండ్లకు పనికివచ్చును. థైమస్ గ్రంథి యౌవనము దాటిన పిమ్మట క్రమముగా క్షీణించును. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు 55 మొదలు 79 సంవత్సరముల వయసుగల 125 మంది దీర్ఘకాల సైకిలువాసులను పరీక్షించి, 2018లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ గ్రంథినుండి కొత్తగా వెలువడు కణములు వారి రక్తమున యువకులలోనున్నంతగానే యుండెను.

పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

ఇంతవరకు చెప్పినది దేహములో జరుగు పని. దాని వలన నిజముగా వ్యాధి తగ్గుచున్నదా అను ప్రశ్న వేరు. ఇందుకును సాక్ష్యము కలదు.

అమెరికాలో డేవిడ్ నీమన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును 18 మొదలు 85 సంవత్సరముల వయసుగల 1002 మందిని శరత్కాలమునను శీతకాలమునను 12 వారములు గమనించి, 2011లో ఫలితములను ప్రచురించిరి. వారమునకు ఐదు దినములు గాని అంతకుమించి గాని వ్యాయామము చేసినవారు, ఒక దినమో, అదియు లేకయో గడపినవారికంటె, జలుబు మొదలగు శ్వాసవ్యాధులతో బాధపడిన దినములు 43 శాతము తక్కువగా నుండెను.

కరోనా వ్యాధి వ్యాపించిన 2020వ సంవత్సరమున దక్షిణ కాలిఫోర్నియాలో ఆ వ్యాధి సోకిన 48,440 మంది పూర్వపు అలవాట్లను అచ్చటి వైద్యులు పరిశీలించిరి. 2021లో ప్రకటితమైన ఆ పరిశీలన ప్రకారము, ఎప్పుడును వ్యాయామము చేయనివారు ఆస్పత్రిలో చేరవలసివచ్చుట, వారమునకు 150 నిమిషములకు తగ్గక వ్యాయామము చేయుచు వచ్చినవారికంటె రెండు రెట్లకు పైగా నుండెను. మరణించుటయు రెండు రెట్లకు పైగానే యుండెను.

టీకాల విషయమునను ఒక మంచి సాక్ష్యము కలదు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు కదలిక తక్కువైన 144 మంది వృద్ధులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచే 10 నెలలు గుండెకు పనిచెప్పు వ్యాయామమును, రెండవ జట్టుచే ఒళ్ళు వంచుట, నిలకడగా నిలుచుట అను తేలిక అభ్యాసములను చేయించిరి. ఫ్లూ టీకా వేసిన 24 వారములకు కూడ మొదటి జట్టులో ఎక్కువమందికి ఆ టీకా రక్షణ నిలిచియుండెను. ఇది 2009లో ప్రచురితమైనది.

పిల్లలకు త్రాసు నిలువుగా పట్టవలెనని చెప్పు ఉపాధ్యాయులము మేమే ఒకవైపు మొగ్గరాదు. పై పరిశోధనలు పెద్దలపై జరిగినవి. వ్యాయామము చేయువారు తక్కిన విషయములలోను జాగ్రత్తగలవారై యుందురు గనుక, మేలంతయు వ్యాయామముదే యనుటకు వీలులేదు. 2020లో వెలువడిన ఒక గొప్ప సమీక్ష, 1377 మంది పెద్దలపై జరిగిన 14 పరీక్షలను ఒక్కచోట చేర్చి చూచెను. వ్యాయామము వలన జలుబులు వచ్చుమార్లు తగ్గినట్లు తేలలేదు. వచ్చిన జలుబు తీవ్రతయు, బాధపడు దినములును తగ్గవచ్చునని తేలెను. మాకు ఈ మాటయే చాలును. వ్యాయామము చేసిన బిడ్డకు జలుబు రాదని మేము వాగ్దానము చేయజాలము. వచ్చినది త్వరగా వదలి బిడ్డ బడికి వచ్చునను ఆశకు మాత్రము మంచి ఆధారము కలదు.

లెక్క వేసి చూతము

గణితమునకై డ్రిల్లు గంటను కోరినవారికి గణితముతోనే బదులు చెప్పుదుము. మా పాఠశాలలో డ్రిల్లు గంటకు 35 నిమిషములు. వారమునకు రెండు గంటలు, అనగా 70 నిమిషములు. సంవత్సరమున 40 వారములు బడి నడచినదనుకొన్నచో మొత్తము 2800 నిమిషములు, అనగా 46 గంటల 40 నిమిషములు.

పిల్లవానికి ఒక్క ఫ్లూ జ్వరము వచ్చి ఐదు దినములు బడి మానెననుకొందము. దినమునకు ఐదు గంటల పాఠమైనచో 25 గంటలు పోయినవి. అట్టివి సంవత్సరమునకు రెండు వచ్చినచో 50 గంటలు. ఏడాది పొడుగునను డ్రిల్లునకు వెచ్చించిన కాలమంతయు కలిపినను ఆ రెండు జ్వరములు తినివేసిన కాలమునకు చాలదు. డ్రిల్లు గంట ఆ రెండు జ్వరములను తప్పక ఆపునని మేము అనము. ఐతే తుంచవలసినది ఏ గంటలను, కాపాడవలసినది ఏ గంటలను అని యోచించుటకు ఈ లెక్క పనికివచ్చును.

ఈ లెక్కకు మరియొక ముఖము కలదు. అది మనయందరికిని కొంత కష్టముగా తోచవచ్చును. 5 మొదలు 17 సంవత్సరముల వయసుగల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషములైనను చెమటపట్టు కదలిక కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. అనగా వారమునకు 420 నిమిషములు. బడి ఇచ్చునది 70. తక్కిన 350 నిమిషములు ఇంటివద్దనో, వీధిలోనో, బడికి వచ్చు దారిలోనో దొరకవలెను. ఉన్న 70ని తీసివేయుమా యని మమ్ము అడుగుటకు ముందు, లేని 350ని ఎట్లు తెత్తుమా యని ఇల్లును బడియు కలిసి యోచింపవలసి యున్నది.

అతి కూడదు

వ్యాయామమనగానే కొందరికి కోడి రామమూర్తి నాయుడుగారు తలపునకు వత్తురు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామ శిక్షకులుగా పనిచేసి, తరువాత దేశదేశములలో తమ బలమును ప్రదర్శించిన ఆ మల్లుడు మన జాతికి గర్వకారణము. కాని గొలుసులు తెంచుటకు కావలసిన సాధన వేరు. జలుబును తట్టుకొనుటకు కావలసిన సాధన వేరు. రెండవదానికి వడిగా నడచుట చాలును. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేనంత ఆయాసము కలిగినచో అది తగిన మితము.

మితము తప్పినచో మేలు కీడుగా మారవచ్చును. 1987లో లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన మారథాన్ పరుగులో పాల్గొన్నవారిలో 12.9 శాతము మంది తరువాతి వారములో జలుబు మొదలగునవి వచ్చినవనిరి. అంతటి సాధనయే చేసియు ఆ పరుగున పాల్గొననివారిలో అట్లు చెప్పినవారు 2.2 శాతము మాత్రమే. దీనికి కారణము పరుగువలన రక్షకకణములు తగ్గుటయేనని కొందరును, ఆ కణములు చావలేదు, దేహములోని ఇతర స్థానములకు పోయినవి, జలుబునకు కారణము జనసమ్మర్దము, ప్రయాణము, నిద్రలేమి కావచ్చునని 2018లో బాత్ విశ్వవిద్యాలయమువారును చెప్పిరి. వాదమెట్లున్నను తల్లిదండ్రులు గ్రహింపవలసినది ఒకటే: పోటీలకు తయారగు పిల్లలకు సాధనతోపాటు విశ్రాంతి, నిద్ర, కడుపునిండ తిండి ఉండవలెను.

జ్వరము, ఒళ్ళునొప్పులు, ఛాతీలో పట్టిన దగ్గు ఉన్నపుడు ఆటలు ఎంతమాత్రమును కూడవు. వైరసు జ్వరములో కఠినశ్రమ చేసినచో ఒక్కొక్కప్పుడు గుండె కండరమునకు వాపు కలుగవచ్చును. మందు వేయకుండ జ్వరము తగ్గి ఒక దినము గడచిన పిమ్మటనే బడికి పంపవలెను. ఆ తరువాతను మొదట నడక, పిదప మెల్లగా ఆట. పిల్లవాడు ఆటస్థలమునుండి జ్వరము తెచ్చుకొనెనన్న మాటకు ఇచ్చట జవాబు చెప్పుదుము. జ్వరము చెమటవలన రాదు; ఒకరినుండి ఒకరికి క్రిమి అంటుటవలన వచ్చును. ఒకే గ్లాసుతో నీరు త్రాగుట, ఆడిన చేతులు కడుగకయే తినుట, దగ్గుచున్న పిల్లవానిని బడికి పంపుట ఇవి దానికి దారులు. గాలిలేని గదిలో ఎనుబదిమంది కూర్చున్నపుడు క్రిమి అంటుకొనుట, ఆరుబయట ఆడుకొనునపుడు అంటుకొనుటకంటె తేలిక.

మరియొక మాట. వ్యాయామము టీకాకు బదులు కానేరదు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, పొంగు మొదలగువానికి ప్రభుత్వము ఉచితముగా వేయు టీకాలను దండీలు తీసి సంపాదించుకొనలేము. 1985లో మన దేశమున సార్వత్రిక టీకాల కార్యక్రమము మొదలైనప్పటినుండి ఎన్ని ప్రాణములు నిలిచినవో చెప్పనక్కరలేదు. వ్యాయామము మందునకును బదులు కాదు. బాక్టీరియా వలన వచ్చు వ్యాధులకు మంచి మందులు కలవు. వానిలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అధిపతిగానుండిన పరిశోధనాలయమునుండి వచ్చినది. ఐతే అట్టి మందులు వైరసు జలుబులకు పనిచేయవు. దుకాణములో అడిగి తెచ్చి వేయరాదు. రెండు వారములకు మించి దగ్గున్న పెద్దలు, పిల్లలు తప్పక కళ్ళె పరీక్ష చేయించుకొనవలెను. క్షయకు ప్రభుత్వ ఆస్పత్రులలో చికిత్స ఉచితము. మగ్గపు దుమ్ము, పొగాకు దుమ్ము గల ఇండ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

మన ఇండ్లలో ఎట్లు సాధ్యము?

ఇంత చెప్పిన పిమ్మట, తీరికయెక్కడిది, చోటెక్కడిది, ఖర్చెవ్వరు పెట్టుదురు అను ప్రశ్నలు రాకమానవు. ఇవి న్యాయమైనవే.

ఖర్చు సంగతి ముందు. చెడుగుడునకు గీత గీయు సుద్దముక్క చాలును. తొక్కుడుబిళ్ళకు పెంకుముక్క, కర్రాబిళ్ళకు కట్టెముక్క చాలును. ఈ ఊరు మనకిచ్చినవియు తక్కువ కావు. ఖోఖో, లంగడీ, లేజిమ్ ఇచ్చటి ఆటలే. సూర్యనమస్కారములకు చాపంత చోటు చాలును. సతారా జిల్లాలోని ఔంధు సంస్థానాధిపతి భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి గత శతాబ్ది పూర్వార్ధమున వానిని తన సంస్థానములోని పాఠశాలలలో ప్రవేశపెట్టెను. మన తాతలు తెచ్చిన ఆటలతో ఈ ఊరి ఆటలను కలిపి ఆడుటకు మన పిల్లలకంటె తగినవారెవరు?

తీరిక సంగతి. మైలు దూరములోపల ఉన్న పిల్లలను స్కూటరుపై దింపక నడువనిచ్చినచో, రానుపోను అరగంట దానంతటదే దొరకును. సాయంకాలము ట్యూషనునకు ముందు అరగంట వీధిలో ఆడనిచ్చినచో తక్కినదియు పూర్తియగును. ఏప్రిల్, మే నెలలలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును గనుక ఉదయము ఎనిమిదికి లోపల, లేదా ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మాత్రమే ఆడవలెను. వెంట నీరు ఉండవలెను.

తల్లులకొక మాట. దినమునకు ఎనిమిది, పది గంటలు వంగి కూర్చుండి బీడీలు చుట్టు మీకు మేము వ్యాయామము బోధించుట సాహసముగా తోచవచ్చును. మీరు పడుచున్నది శ్రమయే గాని, దానిలో వ్రేళ్ళకు తప్ప తక్కిన దేహమునకు కదలిక లేదు. గంటకొకసారి లేచి ఐదు నిమిషములు వాకిట తిరుగుడు. ఉదయముననో సాయంకాలముననో వారమునకు ఐదు దినములు అరగంట వడిగా నడచినచో పెద్దలకు చెప్పబడిన కనీసపు 150 నిమిషములు పూర్తియగును. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి నడచినచో సిగ్గును ఉండదు, మానుటయు ఉండదు. తట్టను తీసికొని కార్ఖానాకు పోవు దారియైనను ఆ లెక్కలోనిదే.

చివరకు ఆడపిల్లల విషయము. ఏడవ తరగతి దాటగానే మా ఆటస్థలమున ఆడపిల్లల సంఖ్య పలుచబడుచున్నది. డ్రిల్లునాడు కడుపునొప్పి చీటీలు వచ్చుచున్నవి. పెద్దదైన పిల్ల ఎగిరిన బాగుండదని ఇంటిలో అనుచున్నారని వారే చెప్పుచున్నారు. ఆ పిల్లయే ఇంటికి పోయి తల్లిప్రక్కన కూర్చుండి ఆకు కత్తిరించుచున్నది. క్రిమికి ఆడ, మగ అను భేదము లేదు. రేపు ఒక ఇంటిని నడుపవలసిన దేహమును పన్నెండవ యేటనే కూర్చుండబెట్టుట ఏ లెక్కకును సరిపోదు. కూర్చుని తిన్నచో కొండలైనను కరుగునని మనవారు ధనమును గూర్చి చెప్పిరి. ఆరోగ్యధనమునకును అదియే వర్తించును. ఆడపిల్లలకు వేరుగా ఒక గంటయు, ఒక ఉపాధ్యాయినియు కావలెనన్నచో ఆ ఏర్పాటు చేయుటకు మేము సిద్ధముగా నున్నాము.

కావున వచ్చు సంవత్సరమునను పదవ తరగతి డ్రిల్లు గంటలు ఉన్నవి యున్నట్లే సాగును. గణితమునకు కావలసిన అదనపు పాఠములను శనివారము మధ్యాహ్నము చెప్పుదుము. తల్లిదండ్రులనుండి మేము కోరునవి మూడు. దగ్గరనున్న పిల్లలను నడిపించి పంపుడు. సాయంకాలము అరగంట ఆడనిండు, ఆడపిల్లలనుగూడ. జ్వరమున్న బిడ్డను, హాజరు పోవునని భయపడి, బడికి పంపకుడు. ఆ బిడ్డకు తప్పిన పాఠమును మరల తెలుగులో చెప్పు బాధ్యత మాది. ఇంతియే మా మనవి.